నకిలీదైతే బాగుండును

మృతుడి శరీరం మీద ఒక్క పురుగుకాటైనా లేదు. గజ్జలలో గాని, చంకలలో గాని బిళ్ళ కట్టలేదు. ప్లేగు నేరుగా ఊపిరితిత్తులలోకే ప్రవేశించి, అక్కడే తన పని ముగించుకున్నది. శవపరీక్ష బల్ల పక్కన నిలబడి మేజర్ స్వయంగా గమనించిన సంగతులివి. వాటిని మనసులో ఉంచుకుని ఆయన పశువుల ఆసుపత్రి వెనుక గది తలుపు తోశాడు.

మృతుడు ఆ ఆసుపత్రి డాక్టరు. ధాన్యపు గిడ్డంగులలో ఎలుకలు చచ్చిపడడం మొదలైనప్పుడు, గిడ్డంగి కూలీలతోను, పోలీసులతోను పాటు అతనికీ ప్లేగు టీకా వేశారు. అయినప్పటికీ జబ్బుపడిన మూడవ నాటికి నెత్తురు కక్కుకుని మరణించాడు. టీకా వేసిన నర్సు మందును దారి మళ్ళించి, అతనికి నీళ్ళు ఎక్కించిందన్న అభియోగం మీద పోలీసు సూపరింటెండెంటు ఆమెను లాకప్పులో పెట్టాడు. ఆమె తరఫున మేజర్‌ను నియోగించినది ఆమె అత్తగారు.

"ఇంట్లో దాన్ని నేను వెయ్యి అంటాను బాబూ," అని ఆ వృద్ధురాలు గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "అది రెండు వేలు అంటుంది. అది మా గొడవ. బయటివాడు దొంగ అంటే మాత్రం ఊరుకోను. దానికి అబద్ధమాడ్డం కూడా రాదు. నేను వండింది బాగుందా అంటే మొహం మీదే బాగాలేదంటుంది!"

సైన్యంలో వైద్యుడిగా చిరకాలం పనిచేసి, విశ్రాంతి పొందిన తరువాత నేర పరిశోధన చేపట్టిన మేజర్‌కు ఇంతకంటె గట్టి సిఫారసు ఎన్నడూ అందలేదు.

గదిలో ఎత్తు బల్ల మీద కంపౌండరు కూర్చుని ఉన్నాడు. మేజర్ ముందుగా రెండు కిటికీలూ బార్లా తెరిచి, తన మాస్కు ముక్కు మీద సరిగా నొక్కుకుని, గదికి అవతలి చివర నిలబడ్డాడు.

"డాక్టరుగారికి టీకా వేసి ఎన్నాళ్ళయింది?"

"రెండో సూది వేసే నెల దాటిందండీ. నాకూ అప్పుడే వేశారు."

"సూది పడ్డాక ఆయన చెయ్యి ఎలా ఉంది?"

"గుమ్మడికాయలా వాచిందండీ. ఒళ్ళు కాలిపోయింది. కుక్కని పట్టుకోలేక నన్ను పిలిచేవారు. నాకేమో ఇంకో చెయ్యి వాచింది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయ్యామండీ."

"ఈ మాట సూపరింటెండెంటుగారికి చెప్పావా?"

"చెప్పబోయానండీ. 'అడిగినదానికే జవాబు చెప్పవయ్యా' అన్నారు."

మేజర్ ప్రశ్న మార్చాడు.

"ఆయన చివరగా చూసిన జంతువేది?"

"గిడ్డంగి పిల్లి. దవడ కింద ఇంత గడ్డ. రొప్పుతూ ఉంది పాపం. తెచ్చిన కాసేపటికే చచ్చిపోయింది. తగలబెట్టేశాం."

"దాన్ని ఆయన ఎలా పరీక్షించారు?"

"ఎప్పుడూ చూసినట్టేనండీ."

"ఎప్పుడూ ఎలా చూస్తారో నాకు తెలియదు. చేసి చూపించు."

కంపౌండరు కొంచెం సిగ్గుపడ్డాడు. తరువాత గాలిలో ఒక పిల్లిని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి బొటనవేలితో దాని దవడ తెరిచి, తన ముఖాన్ని దాని నోటికి దాదాపు ఆనించి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా శ్వాస పీల్చాడు.



"వాసన చూసేవారా?" అన్నాడు మేజర్ మెల్లగా.

"ఆయన ముక్కే ఆయనకి లేబొరేటరీ అండీ. వాళ్ళ గురువుగారు నేర్పిన విద్యట. కిడ్నీలు పోతే ఒక వాసన, చక్కెర జబ్బుకి ఒక వాసన, పేగు కుళ్ళితే ఒక వాసన. పరీక్ష కాగితం వచ్చేలోపు ఈయన మందు రాసేసేవారు. ఒక్కసారీ తప్పు పోలేదు."

"ఆ పిల్లి తుమ్మిందా?"

"ముఖం నిండా తుమ్మిందండీ! కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసి, 'దీని వాసన నాకు తెలీడం లేదురా, కొత్తగా ఉంది' అన్నారు. మళ్ళీ ఇంకోసారి చూశారు."

"మాస్కు?"

"మాస్కు కట్టుకుంటే వాసనెలా తెలుస్తుందండీ? ఎలుకలు చచ్చిన కొత్తలో కట్టుకున్నారు. అప్పుడు చూడాలి, చెయ్యి విరిగినవాడిలా అయిపోయారు. రెండో సూది పడ్డాక, 'ఇంక ఈ ముక్కుతాడు మనకెందుకురా, అది ఎద్దులకి' అని తీసేశారు."

"ఆయన జబ్బుపడ్డాక దగ్గర ఎవరున్నారు?"

"నేనేనండీ. ఒంటరి మనిషి. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. నా ఒళ్ళోనే పోయారు."

"నువ్వు కూడా మాస్కు లేకుండానే."

"నాకూ టీకా పడిందిగా."

మేజర్ జేబులోంచి ప్లేగును ఆపే మాత్రల పొట్లం తీసి, మధ్యనున్న బల్ల మీద పెట్టి, తిరిగి తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఒక కొత్త మాస్కు కూడా అక్కడే పెట్టాడు.

"అది కట్టుకో. మాత్ర ఒకటి ఇప్పుడే వేసుకో. వారం రోజులు ఒక పూట కూడా తప్పకూడదు. ఎవరి దగ్గరికీ వెళ్ళకు."

కంపౌండరు పొట్లం వంక అయోమయంగా చూశాడు. "సూపరింటెండెంటుగారు నాకక్కర్లేదన్నారండీ. మాత్రలు తక్కువున్నాయట. టీకా లేనివాళ్ళకే ఇస్తున్నారట. మాబోటివాళ్ళం తింటే దండగన్నారు."

మేజర్ భ్రుకుటి ముడిపడింది. ఆ క్షణంలో ఆయనకు కలిగిన అనుమానాన్ని పైకి చెప్పడానికి సాక్ష్యం చాలదు. అందువలన గది వైపు తిరిగాడు.

పిల్లిని ఉంచిన పంజరంలో పరిచిన గోనెపట్టా అలాగే ఉన్నది. దానిని చేతి తొడుగులతో ఎత్తి, తెల్లకాగితం మీద విదిలించాడు. వెంట్రుకలు రాలాయి. నెత్తురు పీల్చే పురుగు ఒక్కటి కూడా రాలలేదు. పురుగుల మందు వాసన మాత్రం గుప్పుమన్నది. తెచ్చిన ప్రతి జంతువుకూ ముందుగా మందు చల్లడం ఈ ఆసుపత్రి రివాజు అని కంపౌండరు చెప్పాడు. అంటే పురుగు ద్వారా రోగం వచ్చే మార్గాన్ని డాక్టరు జాగ్రత్తగానే మూసివేశాడు.

పరీక్ష బల్ల మీదుగా వేలాడే దీపం డిప్ప లోపలి అంచున, ఆవగింజలో సగమైనా లేని, ఎండిన తుంపరల గోధుమరంగు చుక్కలు. అలమరలో డాక్టరు కళ్ళజోడు. రెండు అద్దాల మీదా అవే చుక్కలు. గోడ మేకుకు మాస్కులు వేలాడుతున్నాయి. పైదాని మడతలు ఇంకా విప్పనైనా లేదు.

"చూడ్డం అయిందా?"

గుమ్మంలో సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. చక్కగా ఇస్త్రీ చేసిన యూనిఫారం. ముఖానికి ఏ ఆచ్ఛాదనా లేదు.

"మేజర్ గారూ, ముఖానికి గుడ్డ కట్టుకున్నవాళ్ళని పట్టుకోవడం మా ఉద్యోగం. మిమ్మల్ని చూస్తే చెయ్యి దురద పెడుతోంది."

"నన్ను చూస్తే మీకు దురద. మిమ్మల్ని చూస్తే నాకు భయం. దయచేసి గుమ్మం బయటే ఉండండి."

"నాకు టీకా పడింది." అతను లోపలికి వచ్చి, కంపౌండరు భుజం మీద చెయ్యి వేశాడు. "సీసా సీలు నా కళ్ళముందు తీసి మరీ వేసింది. నాకు పడింది అసలు మందు."

"అదే నర్సు వేసింది కదా?"

"అదే నర్సు. నాకు నీళ్ళు ఎక్కించే ధైర్యం దానికెక్కడిది? పిల్లులకి సూదులేసుకునే డాక్టరు కాబట్టి అతనికి ఎక్కించింది."

"నీళ్ళకి చెయ్యి వాస్తుందా?"

"మురికి నీళ్ళకి వాస్తుంది."

ప్రత్యర్థిదే అయినా జవాబు మాత్రం గట్టిది. వాచిన చెయ్యి న్యాయస్థానంలో నిలబడదు. అందుకనే మేజర్, డాక్టరును మనుషుల ఆసుపత్రిలో చేర్చినప్పుడు తీసిన నెత్తురును లేబొరేటరీకి పంపించి ఉన్నాడు.

"సూపరింటెండెంటు గారూ, మీకు నర్సు మీద పగ లేదు. మరి ఇంత తొందరెందుకు?"

అతని ముఖంలో వెటకారం సన్నగిల్లింది.

"గిడ్డంగుల్లో చచ్చిన ఎలుకలు గుట్టలుగా ఉన్నాయి. అవి తీసి తగలబెట్టాలి. నా పోలీసులూ, కూలీలూ టీకా మీద నమ్మకంతోనే లోపలికి వెళ్తున్నారు. టీకా వేసుకున్నవాడు చచ్చాడంటే రేపు ఒక్కడు అడుగు పెట్టడు. మూటలు సర్దుకుని ఊరొదిలి పోతారు. పోయేవాళ్ళు రోగాన్ని ఇక్కడ వదిలి పోతారా? నర్సు దొంగ అయితే ఊరు నిలబడుతుంది."

"కాకపోతే?"

"కాకపోవడానికి వీల్లేదు."

అని అతను కంపౌండరును లేవదీశాడు.

"ఇతన్ని ఎక్కడికి తీసుకువెళుతున్నారు?"

"ఇంటికి దింపుతాను. మనిషి వడిలిపోయాడు, నిద్రపోనీండి."

"మాస్కుతో, ఒంటరిగా, మాత్రతో సహా."

"చిత్తం, చిత్తం," అన్నాడు సూపరింటెండెంటు నవ్వుతూ. మాత్రల పొట్లం బల్ల మీదనే ఉండిపోయింది. దానిని మేజర్ గమనించేసరికి జీపు మలుపు తిరిగిపోయింది. వెంటనే ఆయన కంపౌండరు గది ఉన్న వీధికి మనిషిని పంపి, తాను పోలీసు స్టేషనుకు బయలుదేరాడు.

వాన మొదలయింది. స్టేషనులో లాకప్పు ఎదుట బల్ల మీద అత్తగారు కూర్చుని, ఊచల అవతలనున్న కోడలికి మందలింపులు అందిస్తున్నది.

"తినవే. నువ్వు మాడితే తప్పు చేశావనుకుంటారు."

"ఆకలి లేదత్తయ్యా."

"ఆకలితో పనేముంది? నా మీద కోపంతోనైనా తిను."

మేజర్ రాకతో నర్సు లేచి నిలబడింది. నిద్రలేక కళ్ళు ఎర్రబడినా, నిలబడిన తీరులో వంకర లేదు.

"ఒక్క ప్రశ్న, అమ్మాయీ. డాక్టరుగారికి వేసిన సీసాలోంచే ఇంకెవరికైనా వేశావా?"

"కంపౌండరుగారికి వేశానండీ. మిగిలింది నేనే వేసుకున్నాను. సీసా తెరిస్తే పారెయ్యకూడదని."

సరిగ్గా అప్పుడే టెలిఫోను మోగింది. అప్పటికే తిరిగి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్న సూపరింటెండెంటు రిసీవరు అందుకుని, "మీకే. లేబొరేటరీ నుంచి" అని దానిని మేజర్ వైపు తోశాడు. అవతల మాట్లాడుతున్నది లేబొరేటరీ అధికారిణి. ఒకప్పుడు మేజర్ వద్ద పని నేర్చుకున్న మనిషి.

"గురువుగారూ, డాక్టరు నెత్తుట్లో యాంటీబాడీలు ఉన్నాయి. దండిగా ఉన్నాయి."

"జబ్బు వల్ల పుట్టినవి కావుకదా?"

"మూడు రోజుల జబ్బుకి ఇన్ని పుట్టవండీ. ఇవి వారాల పంట. టీకా అసలుదే. పనిచేసింది కూడా."

"పనిచేసింది. మనిషి పోయాడు."

"ఇది పాత రకం టీకా గురువుగారూ. చంపిన క్రిములతో చేసింది. పురుగు కుట్టినప్పుడు వచ్చే ప్లేగుకి కొంత అడ్డుపడుతుంది. ఊపిరితో లోపలికి వెళ్ళేదానికి దీన్ని నమ్ముకోకూడదు. ఎలుకల మీద పరీక్ష చేసినప్పుడు కూడా క్రిమిని చర్మం కింద సూదితో ఎక్కించే చూశారు. గాలిలో పీల్పించినప్పుడు కథ వేరు. కొత్త రకాల మీద పని జరుగుతూనే ఉంది గాని, మనుషుల్లో ఊపిరి ప్లేగుని ఆపుతాయని రుజువు కాలేదు ఇంకా. మాస్కూ, వెంటనే మాత్రలూ, అంతే మనకున్నవి."

మేజర్ రిసీవరు పెట్టేశాడు. తన అనుమానం నిజమైనప్పుడు ఆయనకు సాధారణంగా కలిగే సంతృప్తి నేడు కలగలేదు.

"సూపరింటెండెంటు గారూ, నర్సు నిర్దోషి. ఆమె వేసింది అసలు మందు. మీకు వేసిందీ అదే, డాక్టరుకు వేసిందీ అదే."

"చూశావా!" అన్నది అత్తగారు, ఎవరితోనో తెలియకుండా. "నేను చెప్పలా?"

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఎలా చచ్చాడు?"

"వీధి వాకిలికి ఇనప గొళ్ళెం పెట్టుకుని, దొడ్డి తలుపు తెరిచి పడుకున్నాడు. వీధి వాకిలి చర్మం. గొళ్ళెం టీకా. దొడ్డి తలుపు ముక్కు. గొళ్ళెం ఉందన్న ధైర్యంతోనే దొడ్డి తలుపు తెరిచాడు. టీకా పడకపోయి ఉంటే మాస్కు తీసేవాడు కాడు." మేజర్ స్వరం పెంచలేదు. "ఆ టీకా నకిలీదైతే బాగుండును. ఒక్క నర్సు దొంగ అయ్యేది, తక్కినవారు క్షేమంగా ఉండేవారు. అది అసలుది. కనుక అది పడిన ప్రతి మనిషీ డాక్టరు స్థితిలోనే ఉన్నాడు. అందరికంటె భద్రంగా ఉన్నారని మీరు ఎవరికి మాత్రలు మానిపించారో వారే ఇప్పుడు అందరికంటె ప్రమాదంలో ఉన్నారు."

"ఇది మీ సిద్ధాంతం."

మేజర్ జేబులోంచి ఒక మాత్ర తీసి బల్ల మీద, అతని ఎదుట పెట్టాడు.

"ఈ ఉదయం మీరు కంపౌండరు భుజం మీద చెయ్యి వేసి, జీపులో పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతను డాక్టరు ఆఖరి శ్వాస దాకా ఒళ్ళో పెట్టుకున్న మనిషి. మీ మాటే నిజమైతే, నీళ్ళు పడిన మనిషి డాక్టరు ఒక్కడే; మీకు ఈ మాత్ర అనవసరం. తినకండి. నా మాట నిజమని మీకు లోపల ఏ మూలనైనా తోస్తే తినండి. తిన్నాక తాళం తీయండి. రెండిట్లో ఒకటి చేసి, రెండోది మానడానికి మాత్రం వీలు లేదు."

సూపరింటెండెంటు ఆ మాత్ర వంక చాలాసేపు చూశాడు. గోళీకాయంత కూడా లేని ఆ తెల్లని బిళ్ళను చూసి, అంత పెద్ద అధికారి నుదుట చెమట పట్టడం ముసలామె కంటబడింది.

"మింగు నాయనా," అన్నది ఆమె, నిజంగా జాలితో. "ఇందులో పరువు తక్కువేముంది? నేను రోజూ నాలుగు మింగుతాను."

అతను మాత్ర నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు కూడా అడగలేదు. తాళం చెవుల గుత్తి బల్ల మీదుగా మేజర్ వైపు జరిపాడు.

లాకప్పు తలుపు తెరుచుకున్నది. నర్సు బయటికి రాలేదు. ఊచలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అందరికీ నేనే చెప్పానండీ," అన్నది. "సూది తీస్తూ ఒక్కొక్కళ్ళకీ చెప్పాను. ఇంక మీకు భయం లేదు, హాయిగా పని చేసుకోండి అని. భయపడుతున్నారని చెప్పాను. వాళ్ళు నా మాట నమ్మారు."

"ఏడవడానికి రాత్రంతా ఉంది," అని అత్తగారు ఆమె మణికట్టు పట్టి బయటికి లాగింది. "ఎవరెవరికి వేశావో నీకు తెలుసుగా? పద, ఇంటింటికీ తిరిగి మాత్రలిద్దాం. నేనూ వస్తాను."

"ముందు కంపౌండరుగారు," అన్నది నర్సు, తెప్పరిల్లి. "ఆయనకే తొందర. ఎక్కడున్నారండీ?"

కంపౌండరు వీధికి పంపిన మనిషి అప్పుడే గుమ్మంలోకి వచ్చి, గది తాళం వేసి ఉన్నదని చెప్పాడు. మేజర్ సూపరింటెండెంటు వైపు తిరిగాడు.

"ఇంటికి దింపుతానన్నారు."

సూపరింటెండెంటు చూపు నేల మీదికి దింపాడు.

"ఎక్కడ దింపారు?"

"టౌన్ హాల్లో," అన్నాడతను. "కూలీలు పనిలోకి రామన్నారు. అందుకని సభ పెట్టించాను. టీకా వేసుకున్నవాళ్ళందర్నీ పెళ్ళాం పిల్లలతో రమ్మన్నాను. డాక్టర్ని మూడు రోజులు ఒళ్ళో పెట్టుకున్నా ఏమీ కాలేదు చూడండి, అసలు టీకా అంటే ఇదీ అని అతన్నే స్టేజి మీద నిలబెట్టమన్నాను."

"మాస్కు?"

"తీయించాను. ముఖం కనబడాలని."

"అతను ఎలా ఉన్నాడు?"

"తల బద్దలవుతోందన్నాడు. చలేస్తోందన్నాడు. వానకి తడిశాడు కదా అని... కాఫీ ఇప్పించాను." అతను తలెత్తాడు. "జల్లు కొడుతోందని హాలు కిటికీలన్నీ వేయించాను."

మేజర్ టెలిఫోను అందుకున్నాడు. టౌన్ హాలు గుమాస్తా పలికాడు.

"సభ ఆపండి! కిటికీలన్నీ తెరిపించండి. స్టేజి మీదనున్న మనిషి దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి. వినబడుతోందా?"

"గట్టిగా చెప్పండి సార్!" అని గుమాస్తా అవతల అరుస్తున్నాడు. అతని గొంతు వెనుక చప్పట్లు హోరుమంటున్నాయి. "ఏమీ వినబడ్డం లేదు. జనమంతా స్టేజి ఎక్కేశారు సార్! ఆయన్ని ముట్టుకుని చూస్తున్నారు. పిల్లల్ని కూడా ఎత్తి ఆయన చేతికిస్తున్నారు!"